మాజీ సైనికుల ఆస్పత్రిని పరిశీలించి రమ్మన్నారు. ఫైళ్లు కాక ఏమేమి చూడాలి?

జాలహళ్లి ఫిట్టర్:

అందరికీ నమస్కారం. వైమానిక దళంలో ఇంజిన్ ఫిట్టరుగా చేరి, జూనియర్ వారెంట్ ఆఫీసరుగా పదవీ విరమణ చేసి, పదకొండేళ్లుగా బెంగళూరు జాలహళ్లిలో ఉంటున్నాను. స్వస్థలం ప్రకాశం జిల్లా. ఇక్కడి మాజీ సైనికులు ఎక్కువగా చేరే ఆస్పత్రి ఒకటి ఉంది. అది సైన్యం నడిపేది కాదు, ఈసీహెచ్‌ఎస్ అనే మాజీ సైనికుల వైద్య పథకం జాబితాలో ఉన్న ప్రైవేటు ఆస్పత్రి. పాలిక్లినిక్‌లో రిఫరల్ రాయించుకొని కార్డు చూపిస్తే డబ్బు కట్టించుకోకుండా చేర్చుకుంటారు కనుక, మా కాలనీల్లో దానిని ‘మన ఆస్పత్రి’ అనే అంటారు. ఏడాదిగా మా సంఘం సమావేశాల్లో దాని మీద గొణుగుడు వినిపిస్తున్నది గానీ, ఫిర్యాదు కాగితం మీద రాసి సంతకం పెట్టినవారు ఒక్కరూ లేరు. చివరకు సంఘం పెద్దలు యాజమాన్యంతో మాట్లాడి, ముగ్గురు సభ్యులు ఒక పూట వచ్చి రోగుల భద్రతను, సంరక్షణ నాణ్యతను చూసి అభిప్రాయం రాసి ఇచ్చేందుకు ఒప్పించారు. ఆ ముగ్గురిలో నేనొకణ్ని. మిగిలినవారిలో ఒకరు సిగ్నల్స్‌లో పనిచేసిన సుబేదారు గారు, మరొకరు సైన్యం తరువాత బ్యాంకులో చేరి అక్కడ కూడా రిటైరయిన పెద్దమనిషి. వైద్యం తెలిసినవారు మాలో లేరు.

పరిచయం కోసమని మొన్న ఒక గంట వెళ్లి వచ్చాము. ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, పదకొండు ఫైళ్లు మా ముందు పెట్టారు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. క్రాష్ కార్ట్ అనే అత్యవసర మందుల బండిని రోజూ తనిఖీ చేసినట్లు రాసే రిజిస్టరు తెరిచాను. ప్రతి గడిలో ఒకే నీలిసిరా, ఒకే వాలు. సెప్టెంబరు పేజీలో ముప్పై ఒకటో గడిలో కూడా టిక్కు ఉంది. హ్యాంగర్లలో జీవితం గడిపినవాడికి అలాంటి పేజీ ఏమి చెబుతుందో మీకు వివరించనక్కరలేదు.

తరువాత పరిపాలనాధికారి వెంట వార్డులోకి వెళ్లి, మంచాల మీద ఉన్నవారిని ‘ఏమైనా ఇబ్బందులు ఉన్నాయా’ అని అడిగాము. ఒక పెద్దాయన కాళ్లు దగ్గరికి చేర్చి, దిండు సర్ది, ‘సబ్ ఠీక్ హై సర్’ అన్నారు. వరుసగా ఎనిమిది మంది అదే మాట అన్నారు.

మా హ్యాంగరులో పనిముట్ల బోర్డు మీద ప్రతి పానాకు దాని ఆకారంలోనే రంగు వేసి ఉండేది. పని ముగిశాక ఏ ఆకారమైనా ఖాళీగా కనిపిస్తే, ఆ పానా దొరికేదాకా విమానం కదలదు. సంతకాలు నమ్మాలా వద్దా అన్న ప్రశ్నే అక్కడ రాదు, ఎందుకంటే బోర్డు కంటికి కనిపిస్తుంది. ఆస్పత్రిలో ఆ బోర్డు లాంటిది ఏది? వైద్యం రాని ముగ్గురు మనుషులు నాలుగైదు గంటల్లో దేనిని చూస్తే నిజం తెలుస్తుంది? కేస్ షీట్లు చూసే హక్కు మాకు ఉందా? తేదీ ముందుగా చెప్పి వెళ్లాలా, చెప్పకుండా వెళ్లాలా? అనుభవం ఉన్నవారు చెబితే మేలు చేసినవారవుతారు.

అంబత్తూరు నాణ్యత విభాగం:

అయ్యా, చెన్నైలో ఒక ఆస్పత్రి నాణ్యత విభాగంలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. అంటే మీ ముందు కాఫీ, ఫైళ్లు పెట్టే జాతికి చెందినదాన్నే. అందువల్ల కొంత లోపలి సంగతి చెప్పగలను.

ముందు హద్దులు తెలుసుకోండి. ఏ మందు రాయాలి, ఆపరేషన్ అవసరమా కాదా అన్నవి మీరు తేల్చవలసిన విషయాలు కావు. మీకు చట్టం ఇచ్చిన తనిఖీ అధికారం కూడా లేదు, యాజమాన్యం ఒప్పుకున్నంత మేరకే మీ చూపు. రోగి అనుమతి లేకుండా కేస్ షీట్ చూడకూడదు. అనుమతిని రాతపూర్వకంగా తీసుకోండి. మీ నివేదికలో రోగి పేరు గానీ మంచం సంఖ్య గానీ రాయకండి. ఈ రెండు జాగ్రత్తలు తీసుకుంటే రేపు మీ నివేదికను పక్కన పడేయడానికి వాళ్లకు సాకు దొరకదు.

గోడ మీద ఎన్‌ఏబీహెచ్ అనే ఆస్పత్రుల నాణ్యతా గుర్తింపు సంస్థ ఇచ్చిన పత్రం ఉంటే దగ్గరకు వెళ్లి చదవండి. ప్రవేశ స్థాయి ధ్రువీకరణ వేరు, పూర్తి గుర్తింపు వేరు. గడువు తేదీ కూడా దాని మీదే ఉంటుంది. ఈసీహెచ్‌ఎస్ చెల్లింపులు సీజీహెచ్‌ఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం ధరలను అనుసరిస్తాయి, ఆ ధరల్లో గుర్తింపు లేని ఆస్పత్రికి 15 శాతం తక్కువ వస్తుంది. కాబట్టి ఆ పత్రం గౌరవమే కాదు, ఆదాయం కూడా. గుర్తింపు వల్ల లాభం లేదని నేను అనను. తనిఖీ బృందం రావడానికి ముందు రెండు నెలలు ఏ ఆస్పత్రి అయినా నిజంగానే మెరుగుపడుతుంది. బృందం వెళ్లిన ఆరు నెలల తరువాత ఎలా ఉందన్నదే మీవంటివారు చూడవలసినది.

మీ అసలు ప్రశ్నకు వస్తాను. ప్రభుత్వ ఆస్పత్రుల కోసం కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో తెచ్చిన ఎన్‌క్యూఏఎస్ ప్రమాణాలలో, ప్రతి అంశం ఎదుట దానిని ఏ విధంగా తెలుసుకోవాలో కూడా రాసి ఉంటుంది: కంటితో చూడడం, సిబ్బందిని అడగడం, రికార్డు చదవడం, రోగిని అడగడం. పూర్తిగా ఉంటే రెండు మార్కులు, సగంసగంగా ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. మీకు మొన్న చూపించినది ఈ నాలుగింటిలో ఒక్కటే, అదీ వాళ్లు ఎంచి తెచ్చిన రికార్డు. ఫైలు నుంచి మంచానికి వెళ్లే దారిలో అన్నీ సరిగానే కనిపిస్తాయి. మీరు మంచం దగ్గర మొదలుపెట్టి ఫైలు దగ్గర ముగించండి.

ఎలాగంటే, అనుమతి ఇచ్చిన ఒక్క రోగిని తీసుకోండి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన డెబ్బై ఏళ్ల మనిషి అనుకుందాం. ఆయన ఎప్పుడు వచ్చారు, క్యాజువాలిటీలో ఎవరు చూశారు, ఏ మందు పడదో అడిగారా, ఆ మాట చేతిపట్టీ మీద గానీ కేస్ షీట్ మొదటి పుటలో గానీ ఉందా, ఉదయం ఆరింటికి షుగర్ ఎంత, ఆ అంకెను బట్టి ఇన్సులిన్ ఎవరు ఇచ్చారు, ఇచ్చిన సమయం చార్టులో ఎప్పుడు పడింది, నొప్పి ఎంత ఉందని అడిగి మందు ఇచ్చాక తగ్గిందా అని మళ్లీ అడిగారా, ఫిజియోథెరపిస్టు ఎప్పుడు లేపి నిలబెట్టారు, ఇలా ఒక్క మనిషిని పట్టుకొని వెనక్కి నడిస్తే ఆస్పత్రిలోని సగం విభాగాలు మీ దారిలో వచ్చి నిలబడతాయి. మూడు గంటల్లో ఇద్దరు రోగులను మించి చూడలేరు. ఇద్దరు చాలు.

నైట్ డ్యూటీ:

వారెంట్ ఆఫీసర్ గారికి నమస్కారం. సైనిక నర్సింగ్ సర్వీసులో ఇరవై నాలుగేళ్లు పనిచేసి, ఇప్పుడు అల్సూరులో విశ్రాంతిగా ఉన్నాను. పై సోదరి చెప్పినదానితో ఏకీభవిస్తూనే, మన రోగుల గురించి ఆమెకు తెలిసే అవకాశం లేని కొన్ని మాటలు చెబుతాను.

సైనికుణ్ని ‘ఇబ్బందులు ఉన్నాయా’ అని అడిగితే లేవనే చెబుతాడు. అందులోనూ పరిపాలనాధికారి పక్కన నిలబడి ఉండగా అడిగితే, నొప్పితో మెలికలు తిరుగుతున్నా అదే చెబుతాడు. ఫిర్యాదు చేయడం ఆయనకు అలవాటు లేదు, రిపోర్టు ఇవ్వడం అలవాటు. కాబట్టి రిపోర్టు అడగండి. ‘రాత్రి మూత్రానికి గంట కొట్టాక ఎన్ని నిమిషాలకు వచ్చారు? నిన్న సాయంత్రం నుంచి మిమ్మల్ని ఎన్నిసార్లు పక్కకు తిప్పారు? ఈ ఉదయం ఇచ్చిన తెల్ల మాత్ర దేనికో చెప్పారా?’ అని అడిగితే నిమిషాలతో సహా చెబుతారు. అధికారిని దయచేసి కాసేపు బయట ఉండమనండి.

రెండవది చెవి. ఫిరంగుల దగ్గర, ట్యాంకుల్లో, మీలాగా ఇంజిన్ల దగ్గర పనిచేసినవారిలో చాలా మందికి వినికిడి తగ్గి ఉంటుంది. సిస్టరు వచ్చి ‘మీరు వెంకటేశ్వర్లు గారే కదా’ అంటే, వినపడకపోయినా మర్యాదకు తల ఊపుతారు. నేను పనిచేసిన ఒక వార్డులో ఒకేసారి ఇద్దరు వెంకటేశ్వర్లు గార్లు ఉండేవారు. ఒకరికి షుగర్, ఒకరికి గుండె. కొత్తగా వచ్చిన అమ్మాయి ఇన్సులిన్ సిరంజి పట్టుకొని రెండో ఆయన దుప్పటి తొలగించింది. ఆయన తల ఊపారు. ఎదురు మంచం మీది హవల్దారు ‘ఆయన కాదమ్మా, కిటికీ దగ్గర ఆయన’ అని అరవబట్టి ఆగింది. అందుకే పేరు సిస్టరు నోటి నుంచి కాక రోగి నోటి నుంచి రావాలి, దానితోపాటు ఆస్పత్రి నంబరును గానీ పుట్టిన తేదీని గానీ చేతిపట్టీ మీద సరిపోల్చాలి. మంచం సంఖ్య మనిషికి గుర్తు కాదు, మనుషులు మంచాలు మారుతుంటారు. మందులు ఇచ్చే వేళలో పది నిమిషాలు పక్కన నిలబడితే ఇది మీ కంటికే తెలుస్తుంది. మీ పానాల బోర్డు ఎక్కడ అన్నారు కదా, మొదటిది ఇదే.

రెండో బోర్డు మడమలు. కదలలేని రోగి అనుమతి తీసుకొని, దుప్పటి కొసను ఎత్తి మడమలు చూపమని సిస్టరును అడగండి. పడక పుండు మొదట ఎర్రటి మచ్చగా మొదలవుతుంది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోకపోతే అది హెచ్చరిక. అలాంటి రోగిని దాదాపు రెండు గంటలకోసారి తిప్పాలని చార్టు పెడతారు. మీరు వెళ్లిన సమయానికి ఇంకా రాని గంటల గడులు నిండి ఉన్నాయేమో చూడండి. వెన్నెముక దెబ్బతిని చక్రాల కుర్చీలో ఉన్నవారు మనలో ఉంటారు. వాళ్లకు నొప్పి తెలియదు కనుక కళ్లే దిక్కు.

క్రాష్ కార్ట్ రిజిస్టరును పక్కన పెట్టి బండి దగ్గరకే వెళ్లండి. తాళానికి బదులు వేసే ప్లాస్టిక్ సీలు మీద నంబరు ఉంటుంది, అది రిజిస్టరులోని నంబరుతో కలవాలి. సీలు తీయించి, అడ్రినలిన్ గడువు చూడండి. గొంతులోకి చూసే ల్యారింగోస్కోపును సిస్టరుతో తెరిపించి బల్బు వెలుగుతుందో లేదో చూడండి. గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటరును పరీక్షించి చూపమనండి. ఇవన్నీ రెండు నిమిషాల్లో అయిపోతే ఆ వార్డు సిద్ధంగా ఉన్నట్లే. సీలు కోయడానికి కత్తెర వెతుక్కుంటే మీకు తెలియవలసినది తెలిసినట్లే. ఇదే చూపులో వార్డు మందుల అలమరలో గాఢమైన పొటాషియం క్లోరైడు ఇంజెక్షన్లు మామూలు మందుల మధ్య కలిసి ఉన్నాయేమో చూడండి. అది పలచన చేయకుండా నరంలోకి వెళితే గుండె ఆగుతుంది. వార్డుల్లో ఉంచకూడదనీ, ఉంచక తప్పనిచోట వేరుగా తాళం వేసి ఉంచాలనీ అందుకే అంటారు.

ఇక మీ హ్యాంగరుకు అచ్చంగా సరిపోలేది ఆపరేషన్ థియేటరే. గాజుగుడ్డలు, సూదులు, పనిముట్లు కోతకు ముందు లెక్కపెట్టి, కుట్టు వేసేముందు మళ్లీ లెక్కపెడతాము. లెక్క కలవకపోతే కుట్టు ఆగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన శస్త్రచికిత్స భద్రతా జాబితాలో 19 అంశాలున్నాయి. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, రోగి థియేటరు వదిలేముందు మూడుసార్లు ఆగి, అందరూ వినేలా చదవాలి. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో దానిని పరీక్షించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. మిమ్మల్ని థియేటరులోకి రానివ్వరు, రానివ్వకూడదు కూడా. కానీ అనుమతి ఇచ్చిన రోగి కేస్ షీటులో ఆ జాబితా ఉంటుంది. మూడు దశలకూ వేర్వేరు సమయాలు పడ్డాయా, లేక మూడూ ఒకే నిమిషంలో నిండాయా చూడండి.

చేతుల సంగతి వేరే చెప్పను. వార్డు తలుపు దగ్గర కూర్చొని, ఒక రోగిని ముట్టుకున్నవారు మరొకరిని ముట్టుకునేలోపు ఏమి చేశారో గీతలు గీసి లెక్కపెట్టండి. చేతులకు శానిటైజరు రుద్దుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు, సబ్బుతో కడుక్కోవడానికి 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. డాక్టర్లను కూడా లెక్కపెట్టండి. వాళ్లను లెక్కపెట్టడానికి మొహమాటపడేవారే ఎక్కువ.

కమ్మనహళ్లి కోడలు:

పెద్దలకు నమస్కారం. మా మామగారు హవల్దారుగా పనిచేశారు. నిరుడు ఒక ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అయినప్పుడు బీపీకి ఒక మాత్ర రాసిచ్చారు. అంతకుముందే నెలనెలా తెచ్చుకునే మందుల్లో మరో కంపెనీ పేరుతో బీపీ మాత్ర ఉంది. ఒకటి తెల్లగా గుండ్రంగా, ఒకటి లేత పసుపు. పేర్లు వేరు, రంగులు వేరు కనుక రెండు వేర్వేరు మందులనుకొని, సైనిక క్రమశిక్షణతో రెండూ రోజూ వేసుకున్నారు. మూడు వారాలకు పాదాలు వాచాయి, తరువాత ఒక ఉదయం స్నానాలగదిలో కళ్లు తిరిగి పడ్డారు. అట్టల మీద చిన్న అక్షరాల్లో చూస్తే రెండింటిలోనూ అమ్లోడిపినే ఉంది.

తప్పు ఎవరిదని వెతికితే ఒక్కరిది అని చెప్పలేము. చేరినప్పుడు ఇంటి మందుల సంచి తెమ్మని ఎవరూ అడగలేదు. వెళ్లేటప్పుడు పాత మందుల్లో ఏవి ఆపాలో, ఏవి కొనసాగించాలో కాగితం మీద లేదు. మీరు వెళ్లినప్పుడు ఏ రోగి దగ్గరైనా మంచం పక్క అలమరలో ఉన్న మందుల సంచిని, కేస్ షీటులోని మందుల జాబితాను పక్కపక్కన పెట్టి చదవమని కోరుతున్నాను. అట్ట మీది పెద్ద పేరు కాదు, కింద ఉన్న మందు పేరు చదవండి.

మారతహళ్లి కోడింగు:

ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో పనిచేస్తాను, వైద్యం రాదు. లోపలకు చేరినవారిని చూడడం గురించే అందరూ రాశారు కనుక, ఇంకా లోపలకు రానివారి సంగతి గుర్తు చేద్దామనిపించింది.

అమెరికాలో మాజీ సైనికుల కోసం ప్రభుత్వమే ఆస్పత్రులు నడుపుతుంది. వాటిని నడిపే శాఖలోనే, 1978 నాటి చట్టం కింద, స్వతంత్ర ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఉంది. దాని బృందాలు ఆస్పత్రులకు వెళ్లి చూసి రాసిన నివేదికలను ఎవరైనా చదువుకోవచ్చు. 2014లో అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ ఆస్పత్రిలో నిరీక్షణ లెక్కలు తారుమారు చేశారన్న ఆరోపణల మీద ఆ కార్యాలయం 226 మంది మాజీ సైనికుల నమూనా తీసుకొని లెక్క చూసింది. మొదటిసారి డాక్టరును కలవడానికి వాళ్లు సగటున 24 రోజులు ఆగారని ఆస్పత్రి లెక్క. అసలు లెక్క తీస్తే 115 రోజులని తేలింది. సుమారు 1,700 మంది అధికారిక నిరీక్షణ జాబితాలో అసలు లేనే లేరు. ఆ మే నెలాఖరులో శాఖ మంత్రి ఎరిక్ షిన్సెకీ రాజీనామా చేశారు. అక్కడి కంప్యూటరు తనంతట తాను అబద్ధం చెప్పలేదు; మనుషులు ఎక్కించిన తేదీలనే చెప్పింది, ఎక్కించని మనుషుల గురించి ఏమీ చెప్పలేదు, అంతే. అలాంటి తెరలు తయారుచేసే పనిలో ఉన్నవాణ్ని కనుక ఈ సంగతి నాకు మరీ గుచ్చుకుంది.

ఇప్పుడు ఆ కార్యాలయం బృందాలు అయిదు కోణాల్లో చూస్తాయి. వాటిలో ఒకటి సంస్థలోని వాతావరణం, అంటే లోపం చెప్పిన సిబ్బందికి ఏమవుతున్నదన్నది. మీకు అంత హంగు అక్కరలేదు. ఓపీలో కూర్చున్న పది మందిని అడిగి, పాలిక్లినిక్ రిఫరల్ మీది తేదీని, ఈరోజు తేదీని పక్కపక్కన రాసుకోండి. ఆస్పత్రి కంప్యూటరులోని సగటును తరువాత అడగండి, ముందు అడగవద్దు.

తాంబరం డ్యూటీ డాక్టరు:

చర్చ బాగుంది గానీ, ఒక విషయంలో నేను ఎదురు చెప్పక తప్పదు. ముప్పై ఒకటో గడిలో టిక్కు పెట్టిన మనిషిని ఊహించుకోండి. నెలాఖరున, రాత్రి డ్యూటీలో, ఇరవై మంది రోగులను చూస్తూ, రేపు తనిఖీ ఉందని ఫోను వస్తే, కుర్చీలో కూర్చొని వరుసగా గడులు నింపిన ఇరవై రెండేళ్ల సిస్టరు ఆమె. మీరు ఆ టిక్కును నివేదికలో మొదటి వాక్యంగా రాస్తే ఆమె ఉద్యోగం పోతుంది, బండిలోని బల్బు మాత్రం అలాగే ఉంటుంది. ముందు డ్యూటీ చార్టు తీసుకొని, అందులోని పేర్లను వార్డులో నిలబడి ఉన్న మనుషులతో లెక్కపెట్టి చూడండి. చార్టులో అయిదుగురు, నేల మీద ముగ్గురు అయితే, తక్కిన లోపాలన్నింటికీ తల్లివేరు అదే.

అలాగే, గత ఏడాదిలో ఎంతమంది రోగులు పడిపోయారు, ఎన్నిసార్లు మందు తారుమారయింది అని అడగండి. ఒక్కసారి కూడా జరగలేదని చెప్పే వార్డును నేను నమ్మను. డెబ్బై దాటినవారు, మూత్రం మాత్రలు వేసుకునేవారు, కృత్రిమ కాలు తీసి పక్కన పెట్టి పడుకునేవారు ఉన్న వార్డులో పడిపోవడాలు ఉంటాయి. ఉన్నవి రాసి, ఎందుకు జరిగిందో కూర్చొని మాట్లాడి, మంచం ఎత్తు తగ్గించడమో, రాత్రి దీపం పెట్టడమో చేసిన వార్డు మంచిది. పుస్తకం ఖాళీగా ఉన్న వార్డులో చెప్పినవారికి శిక్ష పడుతున్నదని అర్థం.

తేదీ చెప్పకుండా వెళ్లాలన్న ఆలోచన నాకు నచ్చదు. మీరు శత్రువులుగా లోపలికి వెళితే సిబ్బంది నోరు విప్పరు. తేదీ చెప్పే వెళ్లండి, ఏ వార్డు చూస్తారో, ఏ రోగితో మొదలుపెడతారో మాత్రం అక్కడికి వెళ్లాకే చెప్పండి.

నైట్ డ్యూటీ:

డాక్టరు బాబూ, తేదీ చెప్పి వెళితే ఆ రోజు ముగ్గురు ఉండవలసినచోట ఆరుగురు ఉంటారు, మీరు చెప్పిన డ్యూటీ చార్టు లెక్క అక్కడే తప్పుతుంది. మధ్యేమార్గంగా నా మాట వినండి. తేదీ చెప్పండి, కానీ రాత్రి డ్యూటీ దిగే సమయానికి, అంటే తెల్లవారి ఏడున్నరకు వార్డులో ఉండండి. రాత్రి సిస్టరు పగటి సిస్టరుకు రోగులను అప్పజెప్పే ఆ ఇరవై నిమిషాల్లో ఎవరూ నటించలేరు. మంచం దగ్గర నిలబడి చెబుతున్నారా, బల్ల దగ్గర కూర్చొని పుస్తకం చదువుతున్నారా అన్నది చూడండి. సిస్టరు ఉద్యోగం గురించి మీరు అన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

పీణ్య బయోమెడికల్:

క్లుప్తంగా రెండు మాటలు. వెంటిలేటర్లు, మందును కొలిచి నరంలోకి పంపే ఇన్ఫ్యూజన్ పంపుల మీద, వాటి కొలతలు సరిచూసినట్లు తెలిపే కాలిబ్రేషన్ స్టిక్కరు ఉంటుంది, దాని గడువు చదవండి. వార్డులో ఆక్సిజన్ సరఫరా ఎక్కడ ఆపాలో, మంటలు వస్తే ఎటు వెళ్లాలో ఆయాను అడగండి, సూపర్‌వైజరును కాదు. 2011 డిసెంబరులో కోల్‌కతా ఏఎంఆర్‌ఐ ఆస్పత్రి ప్రమాదంలో బేస్‌మెంటులో మంట పుట్టింది, పై అంతస్తుల్లోని రోగుల్లో ఎక్కువమంది పొగకు ఊపిరాడక పోయారు. అందుకని బేస్‌మెంటుకు దిగి అక్కడ ఏమి నిల్వ చేశారో చూడండి, మెట్ల దారి తలుపులకు తాళాలు ఉన్నాయేమో నెట్టి చూడండి. వ్యర్థాల గదిలో 2016 నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, నీలం రంగులవి వేర్వేరుగా, సూదులకు తెల్లటి గట్టి డబ్బా ఉండాలి. శుద్ధి చేయని వ్యర్థం 48 గంటలు దాటి ఉండకూడదు. వాసనే సాక్ష్యం చెబుతుంది.

జాలహళ్లి ఫిట్టర్:

అందరికీ కృతజ్ఞతలు. గురువారం వెళ్లి వచ్చాము, ఏమయిందో చెప్పడం నా బాధ్యత. తేదీ చెప్పే వెళ్లాము, కానీ ఏడు ఇరవైకే వార్డు తలుపు దగ్గర ఉన్నాము.

డ్యూటీ అప్పజెప్పడం మంచాల దగ్గరే జరిగింది. అది చూసి సంతోషించాను. రాత్రి సిస్టరు ప్రతి రోగి పేరును ఆయన నోటితోనే చెప్పించింది, సరిగా వినపడని ఒక నాయక్ గారి దగ్గర ముఖం ఎదురుగా వంగి నెమ్మదిగా అడిగింది. ఆయనే రాతపూర్వకంగా అనుమతి ఇవ్వడంతో ఆయనతోనే మొదలుపెట్టాము. పరిపాలనాధికారిని బయట ఉండమని కోరి, ‘రాత్రి గంట కొట్టాక ఎన్ని నిమిషాలు’ అని సుబేదారు గారు అడిగారు. ‘మొదటిసారి ఆరు, రెండోసారి ఇరవై రెండు’ అని తడుముకోకుండా చెప్పారు. ఆయన తలగడ కింద చేతి గడియారం ఉంది. రెండోసారి ఎందుకు ఆలస్యమయిందో కూడా ఆయనే చెప్పారు: అటు చివరి మంచం వద్ద ఇద్దరు సిస్టర్లూ ఒకరిని పట్టుకొని ఉన్నారట. చార్టులో రాత్రికి నలుగురి పేర్లున్నాయి, ఉన్నది ఇద్దరు.

రోగిని తిప్పే చార్టును మేము చూసేసరికి సమయం ఎనిమిది గంటల పది నిమిషాలు. పది గంటల గడి, పన్నెండు గంటల గడి అప్పటికే నిండి ఉన్నాయి. ఆయన మడమ మీద రూపాయి బిళ్లంత ఎరుపు ఉంది. సిస్టరు నొక్కి వదిలింది, పోలేదు. ఆమె మమ్మల్ని చూసి తల దించుకుంది. మేము ఏమీ అనలేదు, ఆమె వెంటనే దిండు తెచ్చి మడమ కింద గాలి ఆడేలా కాలు ఎత్తి పెట్టింది.

కమ్మనహళ్లి అమ్మాయి చెప్పినట్లు అలమర తెరిపించాము. ఇంటి నుంచి తెచ్చిన సంచిలో కొలెస్ట్రాలు మాత్రలు రెండు కంపెనీలవి ఉన్నాయి, రెండింటి కింద పేరు అటోర్వాస్టాటినే. ఆస్పత్రి ఇస్తున్నది మూడోది. ఫార్మసీ ఇన్‌ఛార్జిని పిలిపిస్తే, ఆయన అట్టలను చాలాసేపు తిప్పి చూసి, ఆ వార్డులోని మిగిలిన సంచులన్నీ సాయంత్రంలోగా చూస్తానని తనంతట తానే అన్నారు.

క్రాష్ కార్ట్ సీలు నంబరు కలిసింది. ల్యారింగోస్కోపు బల్బు వెలగలేదు. పక్క వార్డు నుంచి మరొకటి రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది, నా గడియారంలో చూశాను. ఓపీలో తొమ్మిది మంది రిఫరల్ తేదీలు రాసుకున్నాము. కంటి విభాగం తప్ప మిగతావి ఫరవాలేదు, కంటి విభాగంలో మాత్రం ఒకరు నలభై ఒక్క రోజులు ఆగారు. బేస్‌మెంటులో పాత పరుపులు, అట్టపెట్టెలు కనిపించాయి.

డాక్టరు గారి మాట విని, మొదటి వాక్యంగా రాత్రి డ్యూటీలో ఇద్దరే ఉన్న సంగతి రాశాము. రెండోది బల్బు, మూడోది మందుల సంచులు, నాలుగోది మడమలు, ఆ తరువాత కంటి విభాగం, పరుపులు. టిక్కు గురించి రాయలేదు. కానీ సమావేశంలో సెప్టెంబరు పేజీ తెరిచి మెడికల్ సూపరింటెండెంటు ముందు పెట్టాము. ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు. తరువాత ఆ రిజిస్టరును తీసేసి, సీలు నంబరు, బల్బు పరీక్ష మాత్రమే ఉండే చిన్న కార్డును బండికే వేలాడదీస్తామని అన్నారు.

లేచేముందు పరిపాలనాధికారి మళ్లీ ఎప్పుడు వస్తారని అడిగారు. ఫిబ్రవరిలో అన్నాము. తేదీ కూడా చెబితే ఏర్పాట్లు చేసుకుంటామంటే, సుబేదారు గారు ఏమాత్రం నవ్వకుండా, ‘ముప్పై ఒకటిన మాత్రం రాము’ అన్నారు.